గ్యాస్ నింపడమే మరమ్మతా?

తిరుపతి ఎండల్లో మా వ్యానులో ఏసీ చల్లదనం తగ్గిందని ఏ షెడ్డుకు తీసుకువెళ్ళినా, ఒత్తిడి కొలిచే గేజీలైనా తగిలించకముందే "గ్యాస్ అయిపోయింది సార్, నింపేస్తాం" అంటున్నారు. డీజిల్‌లా ఖర్చయ్యే వస్తువు కాదది. మూసి ఉన్న గొట్టాల్లో తిరిగే ఆర్134ఏ అనే చల్లబరిచే గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, అందులోనూ వెనుక సీట్లకు వేరే కూలింగ్ కాయిల్ ఉన్న బండిలో, దాని కోసం బండి కింద నుంచి సాగే అల్యూమినియం గొట్టాలను బురద, తేమ తినేసి చిల్లులు పడడం కొత్తేమీ కాదు. లీకు తెలియడానికి గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడమంటే, నేనేదో గొంతెమ్మ కోరిక కోరినట్టు చూస్తారు. లీకు వెతకరు, వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి తేమ తీయరు. కొన్నాళ్ళకే గ్యాస్ తగ్గి, ఒత్తిడి పడిపోగానే ప్రెజర్ స్విచ్ ఆ గ్యాస్‌ను తిప్పే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. అలిపిరి దాటి ఘాట్ ఎక్కుతుండగా వెనుక కూర్చున్న మా అత్తగారు విసనకర్ర అడుగుతారు. బిల్లులో మాత్రం ప్రతిసారీ "ఏసీ ఫుల్ సర్వీసు" అనే రాస్తారు.