వినేది మూడొందల పాటలు, అద్దె పది కోట్ల పాటలకు

మ్యూజిక్ యాప్‌కు నెలనెలా డబ్బు కట్టాలా వద్దా అన్న మాట వస్తే చర్చ ఎప్పుడూ ఒకే దారిన నడుస్తుంది. ప్రకటనలు ఉండవు, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, క్వాలిటీ బాగుంటుంది, పది కోట్లకు పైగా పాటలున్నాయి అంటారు ఒకరు. ఊరికే వస్తుంటే డబ్బెందుకు అంటారు ఇంకొకరు. ఇద్దరూ యాప్ ఏమిస్తోందనే చూస్తున్నారు తప్ప, తాము ఏం వింటున్నామన్న లెక్క తీయడం లేదు. ఆ లెక్క తీస్తే ఎక్కువమందికి తేలేది ఇదే: ఏడాది పొడవునా కట్టే చందా దండగ. విన్నవే మళ్లీ మళ్లీ వినేవాళ్లు ఆ పాటలను కొనుక్కోవాలి. కొత్తవి వెతకాలనిపించిన నెలలో మాత్రం చందా కట్టాలి.

నా మాట నమ్మనక్కర్లేదు, రుజువు మీ ఖాతాలోనే ఉంది. స్పాటిఫై అయితే బ్రౌజర్‌లో ఖాతా పేజీ తెరిచి, ప్రైవసీ విభాగంలోకి వెళ్లి డేటా డౌన్‌లోడ్ కోసం అడగాలి. మామూలు ఖాతా డేటా అడిగితే గడిచిన ఏడాదిలో విన్నవన్నీ కొద్ది రోజుల్లో చేతికొస్తాయి. ఖాతా తెరిచిన రోజు నుంచీ కావాలంటే విస్తృత చరిత్ర అన్నచోట విడిగా టిక్ పెట్టాలి. దానికి నెల దాకా పట్టొచ్చు. యూట్యూబ్ మ్యూజిక్ వాళ్లకు గూగుల్ టేకౌట్ ఉంది, ఆపిల్ మ్యూజిక్ వాళ్లకు ఆపిల్ వారి ప్రైవసీ పేజీ ఉంది. స్పాటిఫై పంపేది జేసన్ అనే రకం డేటా ఫైలు. దాన్ని ఎక్సెల్‌లో గెట్ డేటా ద్వారా తెరిస్తే వరుసకొక పాట, ఎవరు పాడారు, ఎప్పుడు ఆగింది, ఎన్ని మిల్లీసెకన్లు మోగింది అన్నీ కనిపిస్తాయి.

ముందుగా 30,000 మిల్లీసెకన్ల లోపు ఉన్న వరుసలన్నీ తీసేయండి. అర నిమిషం మోగని పాటను చెల్లింపుల కోసం స్పాటిఫై కూడా లెక్కలోకి తీసుకోదు. తర్వాత పివట్ టేబుల్ వేసి పాటవారీగా సమయాన్ని కూడి, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చండి. పైనుంచి కలుపుకుంటూ వస్తూ మొత్తం సమయంలో 80 శాతం ఎన్నో పాట దగ్గర పూర్తవుతుందో చూడండి. ఏళ్లుగా స్థిరపడిన శ్రోతకు ఆ సంఖ్య కొన్ని వందల దగ్గర ఆగడం మామూలు.

ఈ లెక్క తప్పేది మూడు చోట్ల. ఒకే పాట సినిమా ఆల్బమ్‌లో ఒకసారి, హిట్స్ సంకలనంలో ఒకసారి, రీమాస్టర్ (పాత రికార్డింగుకే శబ్దం మళ్లీ సరిచేసినది) పేరుతో మరోసారి ఉంటుంది. యాప్‌కు అవి మూడు పాటలు, మన చెవికి ఒకటే. వాటిని కలిపేయాలి. నిద్రపోతూ వదిలేసిన ప్లేలిస్టు తెల్లవార్లూ మోగి అంకెలను ఉబ్బిస్తుంది కాబట్టి ఆ గంటల వరుసలు తొలగించాలి. ఇంట్లో స్పీకర్‌కు మీ ఖాతానే కలిపి ఉంటే పిల్లలు పెట్టించుకున్న పాటలు కూడా మీ పద్దులోనే పడతాయి, వాటినీ వేరు చేయాలి.

ఇక అసలు నిర్ణయం తేల్చేది రెండో సంఖ్య. ఈ ఏడాదే మొదటిసారి విని, కనీసం అయిదుసార్లు తిరిగి విన్న పాటలెన్ని? మొదటిసారి ఎప్పుడు విన్నారో తెలియాలంటే విస్తృత చరిత్రే కావాలి. ఇప్పుడు ఏడాది చందాను ఒక్క పాట కొనుగోలు ధరతో భాగించండి. ఆ భాగఫలం కన్నా కొత్తగా నిలిచిన పాటలు తక్కువైతే చందా మీకు నష్టం. ఎక్కువైతే లాభం. ఇంతకు మించి ఏ పోలిక పట్టికా అక్కర్లేదు.

మొదటి ఏడాది ఈ లెక్క కాస్త కఠినంగా ఉంటుంది, నిజమే. మూడొందల పాటలు ఒకేసారి కొనాలంటే కొన్నేళ్ల చందా ఒక్కసారిగా పోతుంది. ఒకేసారి కొనమని ఎవరన్నారు? జాబితా పైభాగం నుంచి మొదలుపెట్టి నెలకు చందా ఎంతో అంతకే కొనుక్కుంటూ పోవచ్చు. తేడా ఏమిటంటే, ఈ దారిలో కట్టిన ప్రతి పైసాకు ఒక ఫైలు మిగులుతుంది, ఏదో ఒక రోజు ఖర్చు ఆగుతుంది. చందాకు ఆ రోజు రాదు.

క్వాలిటీ కోసమే కడుతున్నామనేవాళ్లు ముందు సెట్టింగ్స్ చూసుకోవాలి. స్పాటిఫై ఫోన్ యాప్‌లో ఉచిత ఖాతాకు గరిష్ఠంగా 160 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు), డబ్బు కట్టేవారికి ప్లాన్‌ను బట్టి 320 దాకా. లాస్‌లెస్‌ను, అంటే అసలు రికార్డింగులో ఏమీ కోత పెట్టని నాణ్యతను, ఆపిల్ 2021లో అదనపు రుసుము లేకుండా ఇచ్చింది, స్పాటిఫై 2025 సెప్టెంబరులో కొన్ని దేశాల చందాదారులకు మొదలుపెట్టింది. కానీ స్ట్రీమింగ్ క్వాలిటీ ఆటోమేటిక్‌లో వదిలేస్తే సిగ్నల్ తగ్గగానే అదీ తగ్గుతుంది. డౌన్‌లోడ్ క్వాలిటీ ఇంకో సెట్టింగ్, దాన్ని విడిగా పెంచాలి. ఇవి ముట్టుకోకుండా ఏళ్ల తరబడి కట్టేవాళ్లు పై స్థాయికి డబ్బిచ్చి కింది స్థాయి వింటుంటారు.

బ్లూటూత్ సంగతి ఇంకా ముఖ్యం. సీడీ నాణ్యత అంటే 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్, సెకనుకు 1,411 కిలోబిట్లు. శబ్దాన్ని కుదించి పంపే పద్ధతిని కోడెక్ అంటారు. బ్లూటూత్‌లో అందరికీ ఉండే ఎస్‌బీసీ కోడెక్ సాధారణంగా 328 దగ్గర ఆగిపోతుంది. ఎల్‌డ్యాక్ అనే మరో కోడెక్ గరిష్ఠం 990, అదీ ఫోను, హెడ్‌ఫోను రెండింట్లోనూ ఉంటేనే. అంటే లాస్‌లెస్‌గా వచ్చిన పాటను ఫోను మళ్లీ నలగ్గొట్టి చెవికి పంపుతోంది. వైర్ లేకుండా వినేవారు లాస్‌లెస్ కోసం డబ్బు కట్టడం అనవసరం. తేడా వినిపిస్తోందని గట్టిగా నమ్మేవాళ్లు ఫూబార్ ప్లేయర్‌లో ఏబీఎక్స్ పరీక్ష పెట్టుకోవచ్చు. ఒకే ఫైలు నుంచి లాస్‌లెస్ ఒకటి, 320 ఒకటి తయారు చేసి, రెండింటి శబ్ద స్థాయి సమానం చేసి, పేరు కనబడకుండా 16 సార్లు గుర్తించాలి. 12 లేదా అంతకు మించి సరిగ్గా చెప్తేనే మీ చెవికి తేడా తెలుస్తోందని అనుకోవచ్చు. స్థాయి సమానం చేయకపోతే పరీక్ష చెల్లదు. కొంచెం బిగ్గరగా ఉన్నదే మెరుగని మెదడు తీర్పు చెప్పేస్తుంది.

చందా పక్షాన గట్టి వాదన లేకపోలేదు. సంగీతం నేర్చుకునేవాళ్లు, రోజూ కొత్త కళాకారులను వెతికేవాళ్లు, ఒకే ఫ్యామిలీ ప్లాన్‌ను ఆరుగురు పంచుకునే ఇళ్లు, వీళ్లకు చందాను మించిన బేరం లేదు. పైన చెప్పిన భాగహారం కూడా వాళ్లకు అదే జవాబిస్తుంది. వాళ్ల జోలికి నేను పోవడం లేదు. వాళ్ల కోసం కుట్టిన చొక్కాను అందరికీ తొడగడం మీదే నా అభ్యంతరం.

అందరినీ ఒకే గాటన కట్టడం వల్ల జరిగే అసలు అన్యాయం ఇంకోచోట ఉంది. మీరు కట్టిన డబ్బు మీరు విన్న గాయకుడికి వెళ్తుందని అనుకుంటున్నారా? ప్రధాన యాప్‌లు ఎక్కువగా వాడే పద్ధతిలో అలా వెళ్లదు. అందరి చందా ఒకే కుండలో పోసి, అందులో దాదాపు మూడింట రెండు వంతులు హక్కుదారులకు పంచుతారు. ఆ పంపకం మొత్తం ప్లేలలో ఎవరి వాటా ఎంతో దాన్నిబట్టి ఉంటుంది. ఇద్దరే చందాదారులున్నారనుకోండి. చెరో 150 కడితే పంచేది 200. మొదటివారు నెలకు 900 సార్లు హిట్ పాటలు విన్నారు. రెండోవారు 100 సార్లు ఒక వయొలిన్ విద్వాంసుడిని మాత్రమే విన్నారు. మొత్తం 1,000 ప్లేలలో వయొలిన్ వాటా పదో వంతు, కాబట్టి ఆయన పక్షానికి దక్కేది 20. ఆయన శ్రోత చందా నుంచి పంపకానికి వచ్చింది 100. మిగతా 80 ఆ శ్రోత ఒక్కసారి కూడా వినని హిట్ పాటల పద్దులోకి పోయింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే కదా ఇది.

తక్కువ వినేవారు, ఏరికోరి వినేవారు ఎంత నిజాయితీగా కడుతున్నా, వాళ్ల డబ్బు రోజంతా యాప్ మోగించేవాళ్ల అభిరుచిని పోషిస్తుంది. పైగా 2024 నుంచి స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో 1,000 ప్లేలు రాని ట్రాక్‌కు రికార్డింగ్ రాయల్టీ లేదు. ఏ శ్రోత డబ్బు ఆ శ్రోత విన్నవారికే చేరే పద్ధతిని సౌండ్‌క్లౌడ్ 2021లో స్వతంత్ర కళాకారుల కోసం మొదలుపెట్టింది. అంటే ఇది సాధ్యం కాని పనేమీ కాదు. కళాకారుడికి అండగా నిలవాలన్నదే మీ ఉద్దేశమైతే నేరుగా కొనండి. కళాకారులు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ అమ్మకంపై వేదిక తీసుకునే వాటా 15 శాతం, చెల్లింపు ఖర్చులు దానికి అదనం. మిగిలింది అమ్మినవారికే. ఒక్క ఆల్బమ్ కొనుగోలు ఆ వయొలిన్ విద్వాంసుడికి ఇచ్చేది ఏళ్ల తరబడి స్ట్రీమ్ చేసినా ఇవ్వలేం.

డౌన్‌లోడ్ చేసుకున్నాం కదా, మన దగ్గరే ఉన్నాయి అనుకోవడం మరో భ్రమ. యాప్‌లో డౌన్‌లోడ్ అయినది తాళం వేసిన పెట్టె, తాళంచెవి కంపెనీ దగ్గర ఉంటుంది. స్పాటిఫై 30 రోజులకు ఒకసారైనా ఆన్‌లైన్‌కు రమ్మంటుంది, రాకపోతే పెట్టె తెరుచుకోదు. చందా ఆగితే అసలే తెరుచుకోదు. చందా సజావుగా కడుతున్నా ఒక రోజు పాట బూడిదరంగులోకి మారి మోగదు. కారణం మామూలుగా హక్కులు చేతులు మారడమే. కొత్త హక్కుదారు పాత అప్‌లోడ్ తీసేసి తనది పెడతాడు. ప్లేలిస్టులో ఉన్నది పాతది కాబట్టి అక్కడ ఖాళీ మిగులుతుంది. కొన్నిసార్లు పేరు అదే ఉండి లోపల పాట మారుతుంది, పాత రికార్డింగు బదులు రీమాస్టర్ వస్తుంది. నిడివి రెండు మూడు సెకన్లు తేడా ఉంటే అనుమానించాల్సిందే. కోవిడ్ టీకాలపై తప్పుడు సమాచారం వినిపిస్తోందన్న వాదంతో 2022 జనవరిలో గాయకుడు నీల్ యంగ్ స్పాటిఫై నుంచి తన పాటలు తీయించారు, 2024లో తిరిగొచ్చారు. ఆ వాదంలో ఎవరిది ఒప్పైనా కానీ, మధ్య రెండేళ్లు చందా కట్టిన ఆయన అభిమానికి మాత్రం పాట లేదు.

ఇది పాటలతో ఆగే వ్యవహారం కాదు, నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నదీ అదే. సినిమాలు, పుస్తకాలు, ఆటలు, ఆఫీసు పనిచేసే సాఫ్ట్‌వేర్ అన్నీ అద్దె కొంపలోకి చేరాయి. 2009లో అమెజాన్ రెండు పుస్తకాలను, డబ్బిచ్చి కొన్నవారి కిండిల్ పరికరాల్లోంచే దూరం నుంచి తుడిచేసింది. అమ్మినవారికి హక్కు లేదని తేలిందట, డబ్బు వాపసు ఇచ్చారు. పుస్తకాల షాపువాడు డబ్బు తిరిగిచ్చి మన అలమారాలోంచి పుస్తకం పట్టుకుపోతే ఊరుకుంటామా? కాలిఫోర్నియాలో 2025 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, డిజిటల్ సరుకును 'కొనండి' అని అమ్మేవాళ్లు అది కేవలం లైసెన్సేనని స్పష్టంగా చెప్పాలి. కొన్నాక దించుకుని శాశ్వతంగా ఉంచుకోగల ఫైలుకు ఆ నిబంధన వర్తించదు. సొంతానికీ అద్దెకూ తేడా ఏమిటో చట్టమే గీత గీసి చూపింది.

కాబట్టి కొనేటప్పుడు ఆ గీతకు ఇవతలే ఉండాలి. ఐట్యూన్స్ స్టోర్‌లో 2009 నుంచి అమ్మే పాటలకు తాళం లేదు, 256 కేబీపీఎస్ ఏఏసీ ఫైలు వస్తుంది. బ్యాండ్‌క్యాంప్, కోబజ్‌లలో ఫ్లాక్ అనే లాస్‌లెస్ ఫైలు దొరుకుతుంది. ఇంట్లో పాత సీడీలుంటే వాటితోనే మొదలుపెట్టాలి. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ వాడి, అదే సీడీని ఇతరులు దించిన ఫలితంతో పోల్చి చూసే యాక్యురేట్‌రిప్ ఆన్ చేసి ఫ్లాక్‌లోకి దించండి. గీతలు పడిన సీడీని మామూలు ప్లేయర్‌తో దించితే చిటపటలు ఫైల్లో శాశ్వతంగా ఉండిపోతాయి. ఈ సరిపోల్చడం వల్ల ఏ ట్రాక్ చెడిందో అప్పుడే తెలుస్తుంది. పేర్లు, ముఖచిత్రాలు సరిచేయడానికి మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ ఉంది. ఐఫోన్‌లోని మ్యూజిక్ యాప్ ఫ్లాక్ తీసుకోదు, ఆపిల్ వారి లాస్‌లెస్ రకమైన ఏలాక్‌కు మార్చి వేయాలి. నాణ్యత ఏమీ పోదు. నాలుగు నిమిషాల పాట ఫ్లాక్‌లో 25 నుంచి 30 ఎంబీ. మూడొందల పాటలు 9 జీబీకి మించవు, చవక మెమరీ కార్డులో కూడా చోటు మిగులుతుంది.

ఆ కార్డే ఏకైక కాపీ అయితే మాత్రం చందా కట్టడమే నయం. కార్డులు చెప్పకుండా చచ్చిపోతాయి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాలు, ఒకటి ఇంటి బయట. అమ్మకానికి లేని, దొరకని పాటలు కొన్ని మిగులుతాయి, వాటికి ఉచిత స్థాయి చాలు.

చందా మానేవాళ్లు తొందరపడితే నష్టపోయే చోట్లూ ఉన్నాయి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా రద్దు కాదు. యాప్ స్టోర్ ద్వారా కట్టి ఉంటే అక్కడే రద్దు చేయాలి. రద్దుకు ముందు ప్లేలిస్టులను ట్యూన్‌మైమ్యూజిక్ లాంటి సాధనంతో జాబితా ఫైలుగా దించుకోండి. స్పాటిఫైలో అవి ఉచిత ఖాతాలో మిగులుతాయి గానీ, ఉచిత స్థాయే లేని ఆపిల్ మ్యూజిక్‌లో లైబ్రరీ పోతుంది. డబ్బు కట్టిన నెలను మధ్యలో రద్దు చేసినా చివరిదాకా నడుస్తుంది. ఉచిత ట్రయల్ అలా కాదు, ఆపిల్‌లో రద్దు నొక్కిన క్షణమే ఆగిపోతుంది కాబట్టి గడువుకు ఒక రోజు ముందు అలారం పెట్టుకోవాలి. మూడు నాలుగు నెలలకోసారి ఒక్క నెల చందా కట్టి, ఆ నెలంతా కొత్తవే విని, అయిదుసార్లు దాటినవి రాసుకుని, రద్దు చేసి, ఆ పేర్లు కొనుక్కోవచ్చు.

ఇక వారసత్వం. 2021లో ఆపిల్ తెచ్చిన లెగసీ కాంటాక్ట్ సదుపాయంతో, ఖాతాదారు పోయాక వారి ఫొటోలు, నోట్స్ అయినవాళ్లకు అందుతాయి. లైసెన్సుపై తీసుకున్న పాటలు, సినిమాలు, పుస్తకాలు ఆ జాబితాలో లేవు. ముప్ఫై ఏళ్లు చందా కట్టిన మనిషి ఏ పాటకు కళ్లు తుడుచుకున్నాడో పిల్లలకు తెలిసే దారి ఖాతాతోపాటే మూసుకుపోతుంది. 9 జీబీ ఫోల్డర్‌కు ఎవరి అనుమతీ అక్కర్లేదు. దాన్ని కాపీ చేసి పిల్లల చేతికివ్వడానికి అయిదు నిమిషాలు పడుతుంది.