టిపికల్‌గా 70 శాతం

మళ్ళీ వచ్చింది. మెయిల్‌కి తగిలించిన ఒక్క పేజీ పీడీఎఫ్, పేరు టెస్ట్ సర్టిఫికెట్, పంపే లాట్‌ని కొలిచి చూశామని సరఫరాదారుడు ఇచ్చే కాగితం. సముద్రం అవతల నుంచి ఫర్నేస్ లోపలి గోడకి వేసే లైనింగ్ ఇటుకలు తెప్పించుకునేవాళ్ళకి దీని గురించి నేను చెప్పేదేముంది, మీ దగ్గరా ఓ ఫోల్డర్ నిండా ఉండే ఉంటాయి. వేడికి తట్టుకునే అల్యూమినా 70.2 శాతం, పోరోసిటీ, అంటే ఇటుకలో రంధ్రాల వాటా, 19.5 శాతం, బల్క్ డెన్సిటీ, అంటే రంధ్రాలతో సహా సాంద్రత, 2.55. పోయిన లాట్‌లోనూ 70.2, 19.5, 2.55. అంతకుముందు లాట్‌లోనూ అవే. ఈలోపు అల్యూమినా ఇచ్చే ఖనిజం బాక్సైట్ తెచ్చే గని మారింది, ఇటుక కాల్చే కిల్న్ మారింది, కింద సంతకం పెట్టే మనిషి కూడా మారాడు, అంకెలు మాత్రం తపస్సులో కూర్చున్నట్టు కదల్లేదు. ఒకే ప్యాలెట్‌లో పక్కపక్కన ఉన్న రెండిటుకలకే పోరోసిటీ కలవదు కదండీ, మరి మూడు కంటైనర్లకి పాయింట్ తర్వాత అంకెతో సహా ఎలా కలిసిందో!

రహస్యం కనిపెట్టడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. సరఫరాదారుడు అమ్మకానికి ముందే అందరికీ పంచే డేటా షీట్ తీసి పక్కన పెట్టా. అవే అంకెలు. ఆ షీట్ అడుగున చీమ తల సైజు అక్షరాల్లో, "ఇవి టిపికల్ వాల్యూస్, స్పెసిఫికేషన్‌గా తీసుకోరాదు" అని ఉంది. ఎంత గొప్ప మాటండీ ఈ టిపికల్. అబద్ధం అనలేం, నిజమని నమ్మలేం. మీరు కూడా పర్చేజ్ ఆర్డర్ మీద "పేమెంట్ టిపికల్‌గా 30 రోజులు, దీన్ని స్పెసిఫికేషన్‌గా తీసుకోరాదు" అని రాసి పంపి చూడండి, ఐదు నిమిషాల్లో ఫోనొస్తుంది.

ఆ పేజీలో ఉన్నవాటికంటే లేనివే ముచ్చటగా ఉంటాయి. బరువు మోస్తూ ఎంత వేడి దాకా ఇటుక నిలబడుతుందో చెప్పే రిఫ్రాక్టరీనెస్ అండర్ లోడ్ ఉండదు, మళ్ళీ కాలిస్తే ఎంత ముడుచుకుంటుందో చెప్పే పర్మనెంట్ లీనియర్ చేంజ్ ఉండదు. ఎందుకుంటాయి? అల్యూమినా శాతం గని ఇస్తుంది, దమ్ము కిల్న్ ఇస్తుంది, కిల్న్‌కి గ్యాస్ కావాలి, గ్యాస్‌కి డబ్బు కావాలి. కాల్పు కాస్త తగ్గించి బయటికి లాగేస్తే కెమిస్ట్రీలో ఎవడికీ దొరకదు, 70 శాతం 70 శాతంగానే ఉంటుంది. మిగిలిన కాల్పు ఆ ఇటుక మన ఫర్నేస్‌లోకి వచ్చి పూర్తి చేసుకుంటుంది, అదీ మన గ్యాస్‌తో. అప్పుడు ముడుచుకుంటుంది, జాయింట్లు నోళ్ళు తెరుస్తాయి, కరిగిన లోహం మీద తేలే మడ్డి, స్లాగ్, చుట్టమొచ్చినట్టు లోపలికి వస్తుంది.

బయట నుంచి కొనడమే తప్పని నేననను. ఇంకో రకం ఫర్నేస్ ఇటుకలకి వాడే మాగ్నీషియానే తీసుకోండి, దాని ఖనిజం మాగ్నసైట్, ప్రపంచంలో తవ్వేదాంట్లో సగానికి పైగా చైనాదే, 2017లో అక్కడ పొల్యూషన్ తనిఖీలకి కిల్న్‌లు మూతపడితే ప్రపంచమంతా మాగ్నీషియా రేట్లు ఎగబాకాయి. కొనక తప్పదు. సరే, కొన్నాం, ఇక ఆ కంటైనర్ తెరిచిన రోజు గురించి చెప్పాలి.

మాగ్నీషియా ఇటుకకి నీళ్ళంటే పడదు. తేమ తగిలితే హైడ్రాక్సైడ్‌గా మారి, ఉబ్బి, పగిలి పిండైపోతుంది. సముద్రంలో పగలు వేడి రాత్రి చల్లదనం, కంటైనర్ కప్పుకి పట్టిన చెమట లోపలే వానలా కురుస్తుంది, ఆ సంగతి తెలిసి కూడా సరఫరాదారుడు ప్యాకింగ్ ప్లాస్టిక్ దగ్గర పొదుపు చేశాడు. తలుపు తీస్తే పై వరస ఇటుకలు చెయ్యి వేయగానే రాలిపోతున్నాయి. మెయిల్ పెట్టాం. "డియర్ ఫ్రెండ్, ఫోటో పంపండి." పంపాం. "క్లియర్‌గా లేదు, పక్కన స్కేలు పెట్టి తీయండి." పొడి పక్కన స్కేలు పెట్టి తీశాం. "తలుపు తీయకముందు లోపల ఎలా ఉందో ఫోటో ఉందా?" మూసిన తలుపులోంచి తీసే కెమెరా మా దగ్గర లేదని ఒప్పుకున్నాం. "ఇది మా పొడే అని ఎలా నమ్మాలి?" పొడి మీద బ్యాచ్ నంబర్ చదవడానికి మా ఇన్‌స్పెక్టర్ భూతద్దం తెచ్చుకున్నాడు, నిజంగా తెచ్చుకున్నాడు. ధరలోనే ఇన్సూరెన్స్, ఓడ కిరాయి కలిపి అమ్మే పద్ధతిని సీఐఎఫ్ అంటారు. చివరికి అసలు ముక్క, "డీల్ సీఐఎఫ్ కదా ఫ్రెండ్, సరుకు ఓడెక్కాక రిస్క్ మీదే." ఇన్సూరెన్స్ వాడినడిగితే, సీఐఎఫ్‌లో అమ్మేవాడు తీసుకునేది కనీస కవరేజీ, క్లాజ్ సి, అందులో కంటైనర్ చెమట రాదు. సర్టిఫికెట్ మాత్రం ఇప్పటికీ ఫోల్డర్‌లో చెక్కుచెదరకుండా ఉంది, దానికి తేమ తగల్లేదు. పరిహారంగా మా తర్వాతి ఆర్డర్ మీద 2 శాతం డిస్కౌంట్ ఇచ్చారు. మావాళ్ళు ఆ ఆర్డర్ పెట్టారు కూడా. కొరివితో తల గోక్కోవడానికి డిస్కౌంట్ కూపన్ అన్నమాట.

ఇంతవరకు నవ్వుకోండి, నేనూ నవ్వా. కరెంటుతో లోహం కరిగించే ఇండక్షన్ ఫర్నేస్‌లో లైనింగ్‌గా దట్టించే పొడి, ర్యామింగ్ మాస్‌కి కూడా అదే టెంప్లేట్ వాడి, బస్తాలో ఉన్న పొడికి కోల్డ్ క్రషింగ్ స్ట్రెంత్, అంటే ఇటుక నలిగేదాకా ఎంత ఒత్తిడి ఆపుతుందో ఆ అంకె, రాసి పంపినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఆ లైనింగ్ ఎంత మందం ఉంటుందో తెలుసా మీకు? చాలాచోట్ల జానెడు కూడా ఉండదు. దీనికి ఇటుపక్క 1600 డిగ్రీల ఉక్కు, అటుపక్క రాగి కాయిల్, ఆ కాయిల్ నిండా నీళ్ళు. లోహం దాన్ని తినుకుంటూ పోయి నీళ్ళని ముట్టుకుంటే, ఆ నీళ్ళు ఆవిరయ్యి 1600 రెట్లకి పైగా వ్యాకోచిస్తాయి, పైన ఉన్న కరిగిన లోహాన్ని ఆకాశంలోకి విసురుతాయి. పక్కన మెల్టర్ నిలబడి ఉంటాడు. పీడీఎఫ్ వాడికెవడూ చూపించలేదు. టన్నుకి ఎంత మిగిలిందో వాడికి తెలీదు. ఏసీ రూంలో కూర్చుని ఆ కాగితం మీద 'చెక్డ్' అని సంతకం పెట్టిన పెద్దమనిషీ, నువ్వేం చెక్ చేశావు? స్పెల్లింగా? ఉక్కు ఖర్చులో రిఫ్రాక్టరీ, అంటే ఈ లైనింగ్ సరుకు, వాటా నూటికి రెండో మూడో, అందులో కూడా గీకి మిగిల్చి, వచ్చిన లాట్‌లోంచి నాలుగు శాంపిళ్ళు తీసి బయట ల్యాబ్‌కి పంపడానికి చేతులు రాలేదా? ఆ మనిషి టిపికల్‌గా ఇంటికి తిరిగెళ్తాడులే అనుకున్నావా?

ఒక్క సరఫరాదారుడు మాత్రం పోయిన నెల నిజంగా కొలిచి పంపాడు. పది ఇటుకలకి పది వరసలు, అల్యూమినా 69.1, 71.3, 70.4, ఒకదాంట్లో పోరోసిటీ 22 దాటితే దాని పక్కన ఆ ప్యాలెట్ తీసేశామని రాశాడు. ఎంత ముద్దొచ్చిందో ఆ గజిబిజి కాగితం. మీటింగ్‌లో అతని కోట్ పక్కన పెట్టేశారు. రిమార్క్స్ కాలమ్‌లో కారణం రాశారు, "క్వాలిటీలో నిలకడ లేదు."