పెట్టెలు మోసే పైలట్‌కు నిద్ర తక్కువైనా సరిపోతుందా?

2013 ఆగస్టు 14 తెల్లవారుజామున అమెరికాలోని లూయీవిల్ నుంచి పార్సిళ్లతో బయలుదేరిన, సరుకు రవాణా సంస్థ యూపీఎస్‌కు చెందిన ఎయిర్‌బస్ ఏ300 విమానం, స్థానిక కాలమానం ప్రకారం 4 గంటల 47 నిమిషాలకు, అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ రన్‌వేకు కాస్త ముందే నేలకూలింది. అందులో ఉన్నది ఇద్దరు పైలట్లే, ఇద్దరూ మరణించారు. లైట్ల మరమ్మతు కోసం మూసి ఉంచిన ప్రధాన రన్‌వే 5 గంటలకు, అంటే మరో 13 నిమిషాల్లో తెరుచుకోవాల్సి ఉంది. వాళ్లు అప్పటిదాకా ఆగకుండా పొట్టి రన్‌వే మీదికి దిగబోయారు. నిమిషానికి 1,500 అడుగుల చొప్పున దిగుతూ, రన్‌వే కంటపడేదాకా దాటకూడని కనీస ఎత్తును దాటిపోయారు. బయలుదేరే ముందు వాళ్లు మాట్లాడుకున్న మాటలు కాక్‌పిట్ రికార్డర్‌లో ఉన్నాయి. త్వరలో అమల్లోకి రానున్న కొత్త విశ్రాంతి నిబంధనలు కార్గో పైలట్లకు ఎందుకు వర్తించవన్న అసంతృప్తి ఆ మాటల్లో వినిపిస్తుంది.

ఆ నిబంధనల వెనుక మరో ప్రమాదం ఉంది. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో నగరం సమీపంలో కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. మృతుల కుటుంబాలు పట్టు వదలకుండా పోరాడాక 2010లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. దాని ప్రకారం విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ రూపొందించిన నిబంధనలు 2014 జనవరి 4 నుంచి అమల్లోకి వచ్చాయి. డ్యూటీకి ముందు కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలి, అందులో 8 గంటలు అంతరాయం లేకుండా నిద్రపోయే వీలుండాలి. పగలు డ్యూటీ ఎక్కే పైలట్‌కు 14 గంటల దాకా అనుమతి ఉండగా, అర్ధరాత్రి దాటాక ఎక్కేవారికి 9 గంటలతో సరి. మనిషి ఒంటికి ఏ వేళ ఎంత భారం మోయగల శక్తి ఉంటుందో చూసి గీసిన గీతలివి.

అయితే రాత్రికి ఇంత కట్టుదిట్టమైన హద్దు పెట్టిన నియమావళి, రాత్రిళ్లే ఎక్కువగా ఎగిరే కార్గో పైలట్లను మాత్రం పక్కన పెట్టింది. లూయీవిల్, మెంఫిస్ వంటి హబ్‌లలో, అంటే పార్సిళ్లన్నీ చేరి అక్కడి నుంచి పంపిణీ అయ్యే కేంద్రాల్లో, అర్ధరాత్రి ప్రాంతంలో విమానాలు వరుసగా దిగుతాయి, రెండు మూడు గంటల్లో పార్సిళ్లు వేరుచేసి మళ్లీ ఎక్కిస్తారు, తెల్లారకముందే అవి గమ్యాలకు బయలుదేరతాయి. ఆ మధ్య దొరికిన కాస్త సమయంలో పైలట్లు హబ్‌లోని నిద్రగదుల్లో నడుం వాలుస్తారు. వీరికి పాత నిబంధనలే కొనసాగుతున్నాయి. వాటిలో ఇద్దరు పైలట్ల సిబ్బంది 24 గంటల్లో 16 గంటల దాకా డ్యూటీలో ఉండే వీలు కూడా ఉంది. కొత్త నిబంధనలను స్వచ్ఛందంగా పాటించుకోవచ్చని కార్గో సంస్థలకు చెప్పారు. స్వచ్ఛందం అన్న మాటకు వ్యాపారంలో ఎంత విలువ ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

మినహాయింపుకు ఎఫ్‌ఏఏ చూపిన కారణం ఖర్చూ ప్రయోజనాల లెక్క. కార్గో విమానం కూలితే పోయే ప్రాణాలు తక్కువ కాబట్టి, దాన్ని నివారించడం వల్ల వచ్చే లాభం కూడా తక్కువేనన్నది ఆ లెక్క సారాంశం. యూపీఎస్ పైలట్ల సంఘం కోర్టుకు వెళ్లినా 2016లో ఓడిపోయింది. కాగితం మీద ఈ లెక్క తప్పు కాకపోవచ్చు. కానీ విమానం నింగిలోనే ఉండదు, ఊళ్ల మీదుగా ఎగురుతుంది, ప్రయాణికుల విమానాలు దిగే రన్‌వేల మీదే దిగుతుంది.

కార్గో పైలట్ల పని తేలికన్న అభిప్రాయంలో కొంత నిజం లేకపోలేదు. గుండెనొప్పి వచ్చిన ప్రయాణికుడి కోసం దారి మళ్లాల్సిన పని లేదు, ఆలస్యానికి క్షమాపణ చెప్పే ప్రకటనలు లేవు. ఆ ప్రశాంతత కోసమే కార్గోను కోరుకునే పైలట్లూ ఉన్నారు. కాకపోతే వెనుక మనుషులు లేరంటే, పొగ వాసన పసిగట్టి చెప్పేవారు కూడా లేరనే. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి బయలుదేరిన యూపీఎస్ బోయింగ్ 747లో సరుకుగా వెళ్తున్న లిథియం బ్యాటరీల దగ్గర మంటలు లేచి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. విడిగా సరుకు రూపంలో వెళ్లే లిథియం అయాన్ బ్యాటరీలను 2016 నుంచి ప్రయాణికుల విమానాల్లో అంతర్జాతీయంగా నిషేధించారు. కార్గో విమానాల్లో మాత్రం షరతులతో తీసుకెళ్లవచ్చు.

బర్మింగ్‌హామ్ ప్రమాదాన్ని మినహాయింపు ఖాతాలో పూర్తిగా వేయడం న్యాయం కాదు. ఆ ఇద్దరి డ్యూటీ వేళలు కొత్త నిబంధనల ప్రకారం చూసినా చెల్లుబాటయ్యేవే. కో-పైలట్ తనకు దొరికిన విరామాన్ని నిద్రకు సరిగా వాడుకోలేదని కూడా దర్యాప్తు తేల్చింది. కానీ పగటి నిద్ర రాత్రి నిద్రకు సాటి రాదని నైట్ షిఫ్టు చేసిన ఎవరినడిగినా చెబుతారు. విరామం ఇచ్చాం, నిద్రపోవడం మీ బాధ్యత అనేస్తే ఆ సంగతి మరుగున పడిపోతుంది. ఐరోపా నిబంధనలు పైలట్ వెనుక ఉన్నది ప్రయాణికులా, పెట్టెలా అని తేడా చూడవు. అక్కడేమీ సరుకు రవాణా ఆగిపోలేదు.

మన దగ్గర కూడా ఈ చర్చ అవసరమే. 2023 జనవరిలో అమెజాన్ ఎయిర్ కార్గో సేవలు హైదరాబాద్‌లో మొదలయ్యాయి. రాత్రి ల్యాండింగ్‌లను రెండుకు కుదించి, వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచిన మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల నేపథ్యంలో 2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు పెద్ద ఎత్తున రద్దయినప్పుడు, టెర్మినళ్లలో చిక్కుకున్న ప్రయాణికుల వల్లే పైలట్ల అలసట అన్న విషయం దేశం చెవిన పడింది. పార్సిల్ ఆలస్యమైతే కౌంటర్ దగ్గర నిలబడి నిలదీయదు. దాన్ని తెచ్చే పైలట్ ఎన్ని రాత్రుల నుంచి సరిగా పడుకోలేదో టీవీల్లోనూ రాదు.