దిద్దుబాటుకు మార్కులేవి?

2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ, బ్రౌజర్‌లో కదిలే బొమ్మల్ని ఆడించే ఫ్లాష్ ప్లేయర్‌కు స్వస్తి చెప్పింది. అంతకు ముందు చాలా ఏళ్లపాటు, ఫ్లాష్ రానివాడు డిజైనరే కాదన్నట్టు ఉండేవి వెబ్ డిజైన్ కోర్సులు. టైమ్‌లైన్ మీద బొమ్మల్ని కదిలించడానికి విద్యార్థులు రాత్రిళ్లు కూర్చుని చేసిన ప్రాజెక్టులు ఇప్పుడు మామూలు బ్రౌజర్‌లో తెరుచుకోవు. అంతకన్నా పాతది, 1991లో సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధనా కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన తొలి వెబ్‌సైట్. దాని పాత ప్రతి ఒకదాన్ని 2013లో సెర్న్ వాళ్లు మళ్లీ ఆ పాత చిరునామాలోనే పెట్టారు. ఈరోజు ఫోన్లో తెరిచినా ఇబ్బంది లేకుండా చదువుకోవచ్చు. రంగుల్లేవు, బొమ్మల్లేవు. శీర్షికలు, నాలుగు వాక్యాలు, లింకులు, అంతే.

రచన, ప్రచురణ, వెబ్ డిజైన్ నేర్పే కళాశాల కోర్సుల సిలబస్ ఎక్కడ చూసినా నాకు ఈ రెండే గుర్తొస్తాయి, తెరుచుకోని ఫ్లాష్ ప్రాజెక్టులు, ఇప్పటికీ తెరుచుకునే ఆ తొలి పేజీ. సిలబస్‌లో సగం సాఫ్ట్‌వేర్ పేర్లే. ఒక సెమిస్టర్‌కు ఒక ప్రోగ్రాం. పట్టా చేతికొచ్చేసరికి మెనూలు మారిపోతాయి, ఒక్కోసారి కంపెనీయే మారిపోతుంది. 1985లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం వచ్చి డీటీపీ (డెస్క్‌టాప్ పబ్లిషింగ్) అనే వృత్తినే పుట్టించింది. 1994లో దాన్ని తయారుచేసిన కంపెనీని అడోబీ కొనేసింది, 1999లో అదే పనికి ఇన్‌డిజైన్ తెచ్చింది, 2001 నాటి ఏడో వెర్షన్‌తో పేజ్‌మేకర్ కథ ముగిసింది. మెనూలు మాత్రమే నేర్చుకున్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఒక పేజీలో కన్ను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసినవాళ్లకు రెండు వారాలు పట్టింది.

పేజ్‌మేకర్ కంపెనీ పేరు ఆల్డస్. ఆ పేరు వెనిస్‌లో అచ్చు యంత్రం నడిపిన ఆల్డస్ మనూటియస్‌ది. అచ్చులోకి రాకముందు ఆయన పంతులు, రాజకుటుంబపు పిల్లలకు చదువు చెప్పినవాడు. 1501లో ఆయన లాటిన్ కావ్యాలను చేతిలో ఇమిడే చిన్న సైజులో, ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన ఇటాలిక్ అక్షరాలతో అచ్చు వేయించాడు. కాగితాన్ని మూడు మడతలు పెడితే ఎనిమిది ఆకులు, పదహారు పేజీలు. అంతవరకూ కావ్యం చుట్టూ కంచె కట్టినట్టు నాలుగు వైపులా వ్యాఖ్యానం ఉండేది, ఆయన దాన్ని తీసేసి మూలాన్ని మాత్రమే ఉంచాడు. ఇది ఎడిటర్ నిర్ణయమా, డిజైనర్ నిర్ణయమా, వ్యాపారి నిర్ణయమా? మూడూ కలిసినదే. బల్ల ముందు కూర్చుని చదివేవాడు కాస్తా పుస్తకం చేత్తో పట్టుకుని తిరుగుతూ చదివేవాడైతే పేజీ ఎలా ఉండాలి, అందులో ఏం ఉండాలి, ఏం పోవాలి అన్నదే అక్కడి ప్రశ్న. 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ గురించి రాసినప్పుడు, తెర వెడల్పును బట్టి పేజీ తనంతట తానే సర్దుకోవాలన్నప్పుడు, ఆయన ముందున్నదీ దాదాపు ఇదే ప్రశ్న. మధ్యలో అయిదు వందల ఏళ్లు గడిచాయంతే.

ఆ ఒక్క దుకాణంలో జరిగిన పనిని కళాశాల మూడు గదులుగా విడగొట్టింది. రచన సాహిత్య విభాగంలో, ప్రచురణ జర్నలిజంలోనో మేనేజ్‌మెంట్‌లోనో, వెబ్ డిజైన్ కంప్యూటర్ ల్యాబులో. ఒక గది మాట ఇంకో గదికి వినపడదు.

రచన గది సంగతి ముందు చూద్దాం. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1936లో మొదలైన రచయితల వర్క్‌షాప్, బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో 1970లో మొదలైన ఎం.ఎ. కోర్సు ఈ చదువుకు నమూనాలుగా నిలిచాయి. ఈస్ట్ ఆంగ్లియాలో చదివినవాళ్లలో నోబెల్ అందుకున్న రచయిత కూడా ఉన్నాడు. అయినా రాయడం నేర్పితే వస్తుందా అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. నాకు ఆ చర్చ మీద పెద్ద ఆసక్తి లేదు. సంగీతానికి గురువుంటే తప్పులేదు గానీ రాతకు గురువుంటే నామోషీ అన్న భావం ఎక్కడిదో అర్థం కాదు. అసలు చూడాల్సింది ఆ వర్క్‌షాప్ బల్ల దగ్గర ఏం జరుగుతుందన్నది. పదీ పన్నెండు మంది ఒకరి రాతను చదివి ముఖం మీదే మాట్లాడతారు. రాసినవాడు నోరు మూసుకుని వినాలి. తను అనుకున్న అర్థం ఒకటి, అవతల చేరినది ఇంకొకటి అని తెలిసొచ్చే ఆ పది నిమిషాలు ఏ ఉపన్యాసం కన్నా ఎక్కువ నేర్పుతాయి.

కానీ ఆ బల్లకు రెండు లోపాలున్నాయి. ఒకటి, చుట్టూ కూర్చున్నవాళ్లు చివరిదాకా చదివి తీరాలి, అది వాళ్ల చదువులో భాగం. బయటి పాఠకుడికి ఆ మొహమాటం లేదు, రెండో పేరా దగ్గరే లేచిపోతాడు. రెండోది ఇంకా పెద్దది. దిద్దిన ప్రతి మళ్లీ ఆ బల్ల మీదకు రావడం అరుదు. వచ్చే వారం ఇంకొకరి కథ. రచయితకు సలహాలు దొరుకుతాయి, వాటితో తను ఏం చేశాడో ఎవరూ అడగరు.

ప్రచురణ రంగం స్వభావం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ రాతప్రతి ఎన్నిసార్లు వెనక్కి వస్తుందన్నదే పని కొలత. ఎడిటర్ చూశాక కాపీ ఎడిటర్, ఆ తర్వాత ప్రూఫులు, మళ్లీ ప్రూఫులు. అచ్చయిపోతే ఇక దిద్దలేమన్న భయం అన్ని చేతుల మీదా ఉంటుంది. పుస్తకం వెనక ఉండే ఐ.ఎస్.బి.ఎన్. అనే గుర్తింపు సంఖ్యను చూస్తే ఆ భయం అంకెల్లో కనిపిస్తుంది. 2007 నుంచి అది పదమూడు అంకెలు. చివరి అంకెకు పుస్తకం గురించి చెప్పే పనేమీ లేదు, మిగతా పన్నెండూ సరిగ్గా పడ్డాయా లేదా చూడటమే దాని పని. అంకెల్ని వరసగా 1తో, 3తో మార్చి మార్చి హెచ్చించి కూడితే మొత్తం పదితో నిశ్శేషంగా భాగించబడాలి. ఒక్క అంకె తప్పుపడినా లెక్క చెడుతుంది. పక్కపక్క అంకెలు తారుమారై, వాటి మధ్య తేడా సరిగ్గా 5 అయితే మాత్రం ఆ తప్పు జారిపోతుంది. కాపలావాడికీ ఒక కాపలావాడు కావాలన్నమాట. రచన తరగతిలో మొదటి రోజే చెప్పదగ్గ పాఠం ఇది, కానీ అది పక్క గదిలో ఉంది.

వెబ్ గది అలవాటు దీనికి తలకిందులు. ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి ఇప్పటికి పెట్టేద్దాం అంటారు. ఆ 'ఎప్పుడైనా' రాదు.

మూడు గదులు కలవకపోతే ఏం నష్టమో తెలియాలంటే ఒక చిన్న విషయం చాలు. వెబ్ పేజీలో బొమ్మ పెట్టినప్పుడు, చూపు లేనివాళ్ల కోసం దానికి ప్రత్యామ్నాయ వాక్యం ఒకటి రాయాలి, స్క్రీన్ రీడర్ దాన్ని చదివి వినిపిస్తుంది. వెబ్ అందరికీ అందాలంటూ వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూత్రీసీ సంస్థ 1999 నుంచి ఇస్తున్న మార్గదర్శకాల్లో ఇది ముఖ్యమైన నియమం. ఆ వాక్యం ఎవరు రాయాలి? రచన మేస్టారు అది కోడ్‌లో ఉంటుంది కదా అంటాడు. వెబ్ మేస్టారు అది రాత పని కదా అంటాడు. చివరికి 'చిత్రం 1' అని పడుతుంది, లేదా కెమెరా పెట్టిన ఫైలు పేరే మిగులుతుంది. నిజానికి ఆ ఒక్క వాక్యంలో చాలా తెలివి కావాలి. వర్షపాతం గ్రాఫ్ అయితే, గీతలు నీలిరంగులో ఉన్నాయని చెప్పి లాభం లేదు, ఏ నెలలో పెరిగింది, ఎంత పడిపోయింది అన్నది చెప్పాలి. అదే బొమ్మ కేవలం అలంకారమైతే ఏమీ రాయకుండా ఖాళీగా వదలాలి, లేకపోతే వినేవాడి సమయం వృథా. ఏది సమాచారం, ఏది అలంకారం అని తేల్చడం అచ్చంగా ఎడిటర్ పని.

లింకులదీ ఇదే కథ. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు చాలాసార్లు పేజీలోని లింకుల జాబితాను మాత్రమే వింటారు. పది లింకులకూ 'ఇక్కడ నొక్కండి' అని రాసి ఉంటే పదిసార్లు అదే వినపడుతుంది. ఎక్కడ నొక్కాలి, నొక్కితే ఏమొస్తుంది? చెడ్డ వాక్యం కూడా డిజైన్ లోపమే అవుతుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టడం లేదు. సాధారణ అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలన్న లెక్క రచన విద్యార్థికీ తెలియాలి. తను చెమటోడ్చి రాసినది లేత బూడిదరంగులో మాయమవుతుంటే అడగాల్సింది అతనే.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక కళాశాలలు దొంగను పట్టే పనిలో పడ్డాయి. ఇది యంత్రం రాసిందా, పిల్లవాడు రాశాడా అన్నదే గొడవ. మార్కులన్నీ మొదటి ప్రతికే ఇచ్చే పద్ధతి ఉన్నంతకాలం ఆ గొడవ తప్పదు, ఎందుకంటే ఇప్పుడు అన్నిటికన్నా చవగ్గా దొరికేది మొదటి ప్రతే. ఈ వాక్యం ఎందుకు కొట్టేశావు, ఈ పేరాను పైకి ఎందుకు తెచ్చావు అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగి దానికి మార్కులిస్తే సగం గొడవ తీరుతుంది. దిద్దుబాట్లను కూడా యంత్రంతో చేయించేవాళ్లు ఉంటారు, ఉండరని నేను అనను. కానీ ముఖాముఖి ప్రశ్నకు జవాబు తనే చెప్పుకోవాలి.

దీనికి వచ్చే అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. నలభై మంది విద్యార్థులు, తలా నాలుగు ప్రతులు అంటే ఒక్క అసైన్‌మెంటుకే నూట అరవై సార్లు చదవాలి. ఏ అధ్యాపకుడి వల్లా కాదు. సాఫ్ట్‌వేర్ పరీక్ష పెడితే గంటలో దిద్దేయొచ్చు. సిలబస్‌లు అలా తయారవడానికి అసలు కారణం ఈ శ్రమే అని నా అనుమానం. పైగా ఉద్యోగ ప్రకటనల్లో సాఫ్ట్‌వేర్ పేర్లే ఉంటాయి, పిల్లలు వాటినే అడగడంలో తప్పేముంది? నేర్పండి, మూడు వారాల్లో నేర్పండి. మిగతా సమయంలో ఒకరి రాతను ఇంకొకరు దిద్దాలి. సగం మార్కులు సొంత రాతకు, సగం అవతలివాళ్ల రాతను ఎంత బాగుచేశారన్నదానికి. ఎడిటింగ్ నేర్చుకోవడానికి వేరే దారి నాకు తెలియదు, అధ్యాపకుడి మీద భారం కూడా కొంత తగ్గుతుంది.

నేను ప్రశ్నపత్రం తయారుచేస్తే ఒక్కటే ప్రశ్న ఉంటుంది. పాత బ్యాచ్ విద్యార్థి ఒకరు చేసిన సైట్ ఇస్తాను. సగం లింకులు చచ్చిపోయి ఉంటాయి, బొమ్మలకు వాక్యాలు ఉండవు, పన్నెండు వందల పదాల వ్యాసం ఏడు వందల్లో చెప్పదగ్గది. రెండు రోజులు టైమిచ్చి బాగుచేయమంటాను. చేసిన ప్రతి మార్పుకూ పక్కన ఒక్క లైను కారణం రాయాలి. ఆ సైట్ చేసిన పాత విద్యార్థిని కూడా పిలిచి, జవాబులు చదివేటప్పుడు ఎదురుగా కూర్చోబెడతాను.