మాత్రా, కరెంటా అనే గొడవ నాకు వద్దు

"ఇక మాత్రలతో పని లేదు." చెవికి తగిలించుకుంటే నాడికి స్వల్ప కరెంటు పంపే ఒక చిన్న పరికరం ప్రకటనలో ఈ మాట చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. నిన్న రాత్రి మళ్లీ కనిపించింది. కింద వందల మంది "మంచిది, మందులు మానేయొచ్చు" అని సంతోషపడుతున్నారు. వాళ్లలో ఒక్కరైనా ఇది చదువుతారేమోనని రాస్తున్నాను.

నాకు 9 ఏళ్లుగా పానిక్ డిజార్డర్ ఉంది. ఏ కారణమూ లేకుండా గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ప్రాణం ఈ క్షణమే పోతుందనిపిస్తుంది. కాసేపటికి తగ్గుతుంది. కానీ మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న బెదురు మాత్రం రోజంతా వదలదు, నిజానికి మనిషిని తినేసేది అదే. ఎసిటలోప్రామ్ అనే ఆందోళన మాత్ర మొదలుపెట్టిన తొలి నాలుగు వారాలు ఏ మార్పూ లేదు. ఆరో వారం దాటాక ఈ పానిక్ దాడులు పలచబడ్డాయి. పూర్తిగా పోలేదు. ఆ మిగిలిన భాగం కోసమే రెండేళ్ల కిందట నేను కూడా ఒక చెవి పరికరం కొన్నాను.

అమ్మిన మనిషి నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "ఒంట్లో మందు ఉంటే ఇది పని చేయదండీ, ముందు అది ఆపేయండి." ఆపేశాను. డాక్టరుకు చెప్పలేదు, మోతాదు మెల్లగా తగ్గించలేదు. మూడో రోజుకు తల తిప్పితే చాలు, పుర్రె లోపల షాకు కొట్టినట్టు జిల్లుమనేది. ఫోను చేసి అడిగితే అది పరికరం పని చేస్తున్నందుకు గుర్తు అన్నాడు. కాదు. అది ఆ జాతి మందులను హఠాత్తుగా ఆపినప్పుడు ఎంతో మందికి వచ్చే లక్షణం. నెల తిరగకుండానే దాడులు పాత జోరుతో తిరిగొచ్చాయి. మళ్లీ మాత్ర మొదలుపెట్టి, మళ్లీ ఆరు వారాలు ఎదురుచూసి, పోగొట్టుకున్న చోటికి చేరడానికి నాకు దాదాపు ఐదు నెలలు పట్టింది.

ఆ తరువాతే నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను, చదివేకొద్దీ కోపం పెరిగింది. ఎందుకంటే నాడీ ప్రేరణను, అంటే నాడికి కరెంటు ఇచ్చే చికిత్సను, నిజంగా అభివృద్ధి చేసినవాళ్లు మందు మానమని ఎన్నడూ అనలేదు. మెడలోని వేగస్ నాడికి తీగ చుట్టి, ఛాతీ చర్మం కింద చిన్న యంత్రం అమర్చే చికిత్సకు అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో మూర్ఛ వ్యాధికి, 2005లో మొండి డిప్రెషన్‌కు అనుమతి ఇచ్చింది. ఆ రెండో అనుమతిలో స్పష్టంగా ఉంది: కనీసం నాలుగు సరైన మందుల చికిత్సలతోనూ తగినంత ఫలితం రానివారికి, జరుగుతున్న చికిత్సకు తోడుగా మాత్రమే. ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే వేధించే ఓసీడీ అనే రుగ్మతకు 2018లో అనుమతి పొందిన, తల బయటి నుంచి అయస్కాంతంతో మెదడును ప్రేరేపించే చికిత్స కూడా తోడు చికిత్సే. "తోడుగా" అని శాస్త్రం చెప్పిన మాట అంగడికి వచ్చేసరికి "బదులుగా" అయిపోయింది.

రెండో వైపు వాళ్ల మీదా నాకు కోపం ఉంది. నేను మొదట చూపించుకున్న ఒక సైకియాట్రిస్టు, నాడీ ప్రేరణ గురించి అడిగినందుకే నవ్వి, "కరెంటు వైద్యాలు మనకెందుకు, మాత్ర వేసుకోండి" అని పంపించేశారు. ఆ నవ్వే నన్ను అమ్మకందారు దగ్గరికి తోలింది. అడిగిన ప్రశ్నకు వైద్యుడి దగ్గర జవాబు దొరకకపోతే రోగి ఊరుకోడు, జవాబు చెప్పేవాడిని వెతుక్కుంటాడు.

అసలు మందు వేరు, కరెంటు వేరు అన్న విభజనే శరీరంలో లేదు. 1921లో ఆటో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలతో ఒక ప్రయోగం చేశాడు. ఒక గుండెకు చేరే వేగస్ నాడికి కరెంటు ఇస్తే ఆ గుండె నెమ్మదించింది. ఆ గుండె మునిగి ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండె మీద పోశాడు. దానికి ఎవరూ కరెంటు ఇవ్వలేదు, అయినా అదీ నెమ్మదించింది. అంటే నాడికి ఇచ్చిన కరెంటు చివరకు ఒక రసాయనంగా మారి పని చేసింది. దాన్నే తరువాత ఎసిటైల్‌కోలిన్‌గా గుర్తించారు, 1936లో లోవీకి హెన్రీ డేల్‌తో కలిపి నోబెల్ వచ్చింది. (ఈ ప్రయోగం తనకు కలలో తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు, నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది.) వందేళ్ల కిందట రెండు కప్ప గుండెలు తేల్చిన విషయం మీద మనం ఇంకా పక్షాలు కట్టి కొట్టుకుంటున్నాం.

మెదడు కాండం నుంచి బయలుదేరి మెడ, గుండె, ఊపిరితిత్తులు, పొట్ట దాకా తిరిగే పదో కపాల నాడి వేగస్. మెదడు నుంచి కిందికి ఆజ్ఞలు మోసే తీగ అని చాలామంది అనుకుంటారు, కానీ అందులోని పోగుల్లో సుమారు 80 శాతం కింది నుంచి పైకి, శరీరం నుంచి మెదడుకు కబురు మోస్తాయి. ఆ కబురు మెదడు కాండంలోని ఒక కేంద్రానికి చేరి, అక్కడి నుంచి నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాన్ని తయారుచేసే లోకస్ సెరూలియస్ అనే చోటికి వెళ్తుంది. ఎలుకల్లో ఆ లోకస్ సెరూలియస్‌ను దెబ్బతీస్తే, వేగస్ ప్రేరణకు ఉన్న మూర్ఛను అణచే గుణం పోయింది. ఇటు మనం వేసుకునే వెన్‌లాఫాక్సిన్ లాంటి మందులు పని చేసేది కూడా ఆ నార్‌ఎడ్రినలిన్, సెరొటోనిన్ అనే మెదడు రసాయనాల మీదే. రెండూ ఒకే వాకిలి తట్టుతున్నప్పుడు, కలిస్తే ఏమవుతుంది అన్నది మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న కాదా?

డిప్రెషన్ విషయంలో ఆ ప్రశ్నను పద్ధతిగా అడిగినవాళ్లు ఉన్నారు. 2013లో బ్రెజిల్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో 120 మంది రోగులను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు రోజుకు 50 మిల్లీగ్రాముల సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు, ఒక గుంపుకు తల మీది నుంచి పంపే స్వల్ప విద్యుత్తు, ఒక గుంపుకు రెండూ, ఒక గుంపుకు రెండూ ఉత్తుత్తివే. ఆరు వారాల తరువాత రెండూ కలిపి తీసుకున్నవాళ్లే మిగిలిన మూడు గుంపుల కంటే ఎక్కువ మెరుగుపడ్డారు. అదే అధ్యయనంలో కొందరికి మనసు అవతలి కొసకు పోయి, ఉన్మాదం లేదా దాని ఛాయలు కనిపించాయి. అలాంటివి 7 వస్తే అందులో 5 ఆ కలిపిన గుంపులోనే. కలయికకు బలం ఉందంటే ప్రమాదమూ ఉందన్నమాట. ఆ పరీక్షలో వాడింది వేగస్ నాడి కాదు, రోగం ఆందోళన కాదు. అయినా ప్రశ్న అడగాల్సిన తీరు అది. వేగస్ యంత్రానికి మూర్ఛ, డిప్రెషన్, 2021 నుంచి పక్షవాతం తరువాత చేతి కదలికల కోసం ఎఫ్‌డీఏ అనుమతులు ఉన్నాయి, ఆందోళన రుగ్మతలకు లేదు. లేని అనుమతిని ఉన్నట్టు చూపించి అమ్మేవాళ్లు మనల్ని మోసం చేస్తున్నారు.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే కలవరపెట్టే సంగతికి వస్తాను. ఆందోళన ఉన్నవాళ్లలో చాలామంది క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి మాత్రలు కూడా వాడతాం. ఇవి మెదడులోని గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచి, నాడీకణాలను శాంతపరుస్తాయి. ప్రేరణ చికిత్స ఉద్దేశమేమో నాడీకణాలను కదిలించి, కొత్త దారులు అలవాటు చేయడం. డిప్రెషన్‌కు అయస్కాంత చికిత్స తీసుకున్నవాళ్లను పరిశీలించిన కొన్ని అధ్యయనాల్లో, ఈ మాత్రలు వాడుతున్నవాళ్లకు మేలు తక్కువగా కనిపించింది. మాత్ర వల్లే అలా జరిగిందా, లేక ఆ మాత్ర అవసరమైనంత ఆందోళన ఉన్నవాళ్లు కావడం వల్ల జరిగిందా అన్నది ఆ అధ్యయనాలు విడదీయలేవు. కానీ ఒక మందు తోడు నిలుస్తుంటే ఇంకో మందు అడ్డు నిలవవచ్చన్న అనుమానం చాలు కదా, ప్రతి రోగినీ ఏమేమి వేసుకుంటున్నావని అడగడానికి? అలాగని చదివిన వెంటనే క్లోనజెపామ్ ఆపేయకండి, దయచేసి. ఎక్కువ కాలం వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. తగ్గించడం వైద్యుడి చేతిలో, వారాల మీద జరగాల్సిన పని.

వేళ కూడా ముఖ్యమే. డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2025లో ఒక చిన్న అధ్యయనం వెలువరించారు. ఏ చికిత్సకూ లొంగని పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తరువాత మిగిలే మానసిక రుగ్మత) ఉన్న 9 మందికి, భయాన్ని ఎదుర్కొనే మాటల చికిత్స జరుగుతుండగానే వేగస్ నాడికి చిన్న చిన్న ప్రేరణలు ఇచ్చారు. ఆరు నెలల తరువాత చూసినా ఆ 9 మందిలో ఎవరికీ రోగ నిర్ధారణ వర్తించలేదు. తొమ్మిది మందే, పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేదు, కాబట్టి గంతులు వేయను. నా మనసులో నిలిచింది ఆ జతకూర్పు. మెదడు ఏదో నేర్చుకుంటున్న క్షణంలోనే నాడిని తట్టారు. టీవీ చూస్తూ చెవికి ఏదో తగిలించుకోవడానికీ దానికీ పోలికే లేదు.

చెవి గురించి ఒక్క మాట. వేగస్ నాడి కొమ్మ ఒకటి చెవి డొప్ప లోపలి గుంటకు వస్తుంది, అది నిజమే. కానీ తమ్మెకు రాదు. అందుకే పరిశోధకులు ఉత్తుత్తి చికిత్స ఇవ్వాల్సినప్పుడు చాలాసార్లు తమ్మెకే తగిలిస్తారు. నేను కొన్న వేగస్ పరికరం క్లిప్పు ఎక్కడ పెట్టమన్నారో తెలుసా? తమ్మెకే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఆందోళన రుగ్మతలతో ఉన్నవాళ్లు 30.1 కోట్ల మంది. వాళ్లలో ఏదో ఒక చికిత్స అందుతున్నది నలుగురిలో ఒకరికి. మొదటి మాత్రే చేరని మనుషులకు "మాత్ర విషం" అని చెప్పడం ఎంత క్రూరమో ఆ ప్రకటనలు రాసేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి. మందు వాడుతున్నా సగమే తేరుకుని, మిగతా సగాన్ని మోస్తూ బతికే నాలాంటివాళ్లకు "ఇంతే, సర్దుకో" అనడమూ అంతే క్రూరం. మాకు కావాల్సింది ఆ నాలుగు గుంపుల పరీక్ష, మా రోగం మీద, మా మందులతో.

పోయిన నెల కొత్త డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఈసారి ఒక కాగితం మీద అన్నీ రాసుకుని వెళ్లాను: వాడుతున్న ప్రతి మందు, మోతాదు, ఎన్నేళ్లుగా, మధ్యలో ఎప్పుడు ఆపాను, ఆ పరికరం ఎన్ని రోజులు పెట్టుకున్నాను. మళ్లీ నవ్వుతారేమోనని చేతులు చల్లబడ్డాయి. ఆవిడ కాగితం మొత్తం చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "పరికరం సంగతి తరువాత మాట్లాడుకుందాం అమ్మా, వదిలేయను. ముందు ఇది చెప్పు, క్లోనజెపామ్ ఏ వేళకు వేసుకుంటున్నావు?" అని అడిగారు. 9 ఏళ్లలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే.