నువ్వు ఏ పార్టీ మనిషివి?

ఏందిబ్బా ఈ గోల! 2024 మే ఎండకి నెల్లూరు మాడిపోతుంటే, ఎన్నికల ప్రచార బండ్లది ఒకటే మోత. నిలబడ్డా ఇంజన్ ఆపరు!

మేం నలుగురం కరపత్రాలు పట్టుకొని ఓట్లడిగే నాయకుల దగ్గరికి పోయాం. పెన్నా కరకట్టల సంగతేంది, కృష్ణపట్నం కరెంటు ప్లాంటు బూడిద సంగతేంది? "గెలవనీ తమ్ముడూ, తర్వాత చూద్దాం" అంట. తర్వాతంటే ఎప్పుడయ్యా? 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయే, మళ్లీ పోయాకా?

ఫ్లెక్సీకి అడ్డమొచ్చిందని మా వీధిలో వేపకొమ్మలు నరికేశారు. ఆ ఫ్లెక్సీ మీదేమో 'పచ్చని నెల్లూరు' అని రాత! సిగ్గుండక్కర్లా?

అడిగితే "నువ్వు ఏ పార్టీ?" అంటారు. కండువా లేకపోతే చెట్టు గురించి మాట్లాడకూడదా? ఇదంతా అరుస్తుంటే, ఎదురుగా కార్యకర్త ఒకాయన మా కరపత్రంతోనే హాయిగా విసురుకుంటున్నాడు.