మా మామ మైక్‌సెట్టుకి రాయల్టీ ఎవురిస్తారు సామీ?

మొన్న మా తిరపతి లీలామహల్ సర్కిల్ కాడ టీ తాగతా ఉంటే అంగట్లో టీవీలో ఒక కుక్కర్ యాడ్ వచ్చింది, వెనక మా చిన్నప్పటి పాట, అదే గొంతు, కాకపోతే అప్పుడు హీరోయిన్ కోసం పాడిందాన్ని ఇప్పుడు మూడు విజిళ్ళ కోసం వాడుకుంటా ఉండారు. మా మామ గ్లాసు కింద పెట్టి "ఒరే అబ్బోడా, దీనికి డబ్బులిచ్చింటారా?" అన్నాడు. ఇచ్చింటారు మామా, ఊరికే ఎవురిస్తారు అన్నా. "మరి నాకేదిరా?"

నవ్వబాకండి, నేను సీరియస్‌గానే రాస్తా ఉండా.

పాత పాటని యాడ్‌లోకో కొత్త సినిమాలోకో తీసుకోవాలంటే మామూలుగా రెండు పర్మిషన్లు కావాల. మాటకీ బాణీకీ ఒకటి, ఆ రికార్డింగ్‌కి ఇంకొకటి, ఈ రెండోది ఎక్కువగా ఆడియో కంపెనీ బీరువాలో ఉంటాది. రాసినాయనకి, ట్యూన్ కట్టినాయనకి ఒకప్పుడు ప్రొడ్యూసర్ చేతిలో పెట్టిందే దక్కుడు, వేరే ఒప్పందం లేకపోతే హక్కు ప్రొడ్యూసర్‌దే అని 1977లో సుప్రీంకోర్టు కూడా అనేసింది. 2012లో కాపీరైట్ చట్టం మార్చినాకనే వాళ్ళకి రాయల్టీలో సమాన వాటా వచ్చింది, వారసులకో, రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవురికీ రాసిచ్చేదానికి లేదు. హాల్లో సినిమాతో పాటు ఆడితే మాత్రం ఈ వాటా వర్తించదు. మనిషి పోయినాక కూడా ఇంకో 60 ఏళ్ళు హక్కు ఉంటాది, అంటే తాత రాసిన పల్లవి మనవడి స్కూల్ ఫీజు కట్టొచ్చు. బాగుండాది, కట్టనీ.

కానీ కుక్కర్ కంపెనీవాడు కొత్త పాట చేయించుకోకుండా పాతదాన్నే ఎందుకు కొంటాడు? అది వినపడంగానే మనం గరిటె ఆపి టీవీ వైపు తిరుగుతాం గాబట్టి. మరి ఆ పాటని మన తలకాయల్లోకి ఎక్కించింది ఎవురయ్యా? మా మామే గదా. వేపచెట్టుకి రెండు గొట్టం మైకులు కట్టి, గంగజాతరకీ పెళ్ళిళ్ళకీ, ఆఖరికి చెవులు కుట్టే ఫంక్షన్‌కి కూడా అదే క్యాసెట్టు వేసినాడు. పైగా పెళ్ళి ఊరేగింపుకీ దేవుడి వేడుకకీ పాట వేస్తే ఉల్లంఘన కాదని చట్టం 52వ సెక్షన్‌లోనే ఉండాది, అంటే జాతరకీ పెళ్ళికీ మామ ఎవురికీ నయాపైసా బాకీ లేడు. బాకీ లేనోడు వసూలు చేసుకుంటే తప్పేముంది? చెవులు కుట్టే కేసు మాత్రం కదిలించబాకండి.

మా ఊరికి ఈ గొడవ కొత్తేమీ గాదు. తనమీద పాట కట్టమని సాళువ నరసింహరాయలు అడిగితే అన్నమయ్య కట్టనన్నాడని, సంకెళ్ళు వేయించినాడని చెప్తారు. యాడ్ ఫిల్మ్ వద్దన్న మొదటి రైటర్ ఆయనే అయ్యుంటాడు. 32 వేల కీర్తనలంట, రాగిరేకుల మీద చెక్కి కొండమీద అరలో పెట్టినారు, ఇంత పెద్ద కేటలాగ్ ఏ ఆడియో కంపెనీకుంది? ఇప్పటి లెక్కే పెట్టినా, 1503లో పోయినాడు గాబట్టి 1563తో గడువు ఖాళీ. ఇప్పుడు బస్టాండ్‌లో ప్రతి రెండో ఫోన్ ఆయన పాటతోనే మోగతాది, ఆయన వాటా సున్నా.

మామ కేసు అంతకంటే గట్టిదనే అనుకున్నా. ఎందుకంటే ఆ క్యాసెట్టు ఒకసారి టేపు చిక్కుకుని తెగింది. మామ పెన్సిల్‌తో చుట్టి, మా అత్త గోళ్ళరంగుతో అతికించినాడు, అతుకు పడిన కాడ రెండో చరణంలో ఒక మాట ఎగిరిపోయింది. మా వీధి మొత్తం ఆ మాట లేకుండానే నేర్చుకుంది. ఒక పెళ్ళిలో ఆర్కెస్ట్రా అబ్బాయి చరణం పూర్తిగా పాడితే తప్పు పాడినాడని స్టేజీ మీదికి పొయ్యి గొడవ పెట్టుకున్నాం గూడా.

ఇదంతా అర్జీలో ఎట్ట రాయాలా అని మాట్లాడుకుంటా ఉంటే యాడ్ మళ్ళీ వచ్చింది. ఈసారి మామ చెవి అటేసి విన్నాడు. కుక్కర్ వాళ్ళు తీసుకున్నది సరిగ్గా ఆ రెండో చరణమే, ఎగిరిపోయిన మాట అందులో నిక్షేపంగా ఉండాది.

"ఇది మన పాట కాదులేరా," అని లేచినాడు. టీ డబ్బులు నేనే ఇచ్చినా.